లైవ్ లినక్స్‌లో బూట్ ఆప్షన్లు మార్చడం ఎలా?

ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా నడిచేది లైవ్ లినక్స్. అలాంటిదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు. కంప్యూటర్‌ను దాంతోనే ఆన్ చేశారు. మెనూ వచ్చింది, ఎంటర్ నొక్కారు. అంతే, స్క్రీన్ నల్లబడిపోయింది. ఐదు నిమిషాలు చూసినా మార్పు లేదు. చాలామంది ఇక్కడే ‘ఈ మెషీన్‌కు లినక్స్ పడదు’ అనుకుని పెన్‌డ్రైవ్ తీసేస్తారు. నేను కూడా ఒక పాత ల్యాప్‌టాప్‌ను అలాగే నెలల తరబడి పక్కన పెట్టేశాను. తర్వాత ఒకరోజు మెనూలో ఒకే ఒక్క మాట చేర్చి చూస్తే, అదే ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ చక్కగా తెరుచుకుంది. అప్పటి నుంచి ఎవరు ‘పడదు’ అన్నా, ‘బూట్ ఆప్షన్లు చూశారా?’ అనే అడుగుతున్నాను.

ముందుగా ఒక భయం తీసేసుకోండి. మెనూలో మీరు చేసే మార్పు ఆ ఒక్క బూట్‌కే, అంటే ఆ ఒక్కసారి సిస్టమ్ లేవడానికే వర్తిస్తుంది. పెన్‌డ్రైవ్‌లోని ఫైలు మారదు, ఆ మార్పు హార్డ్‌డిస్క్‌లో ఎక్కడా రాయబడదు. తప్పు టైప్ చేస్తే మహా అయితే బూట్ కాదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, మళ్లీ ఆన్ చేస్తే మెనూ మొదటిలాగే ఉంటుంది. కాబట్టి టెన్షన్ పడకుండా ప్రయత్నించండి.

లోపల ఏం జరుగుతుంది?

ఇది కాస్త తెలిస్తే ఆప్షన్లు గుర్తుపెట్టుకోవడం తేలిక. మెనూ చూపించేది బూట్‌లోడర్. అది పెన్‌డ్రైవ్ నుంచి రెండు ఫైళ్లను మెమరీలోకి తెస్తుంది: ఒకటి లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్, రెండోది ఇనిట్ర్‌డీ అనే చిన్న తాత్కాలిక సిస్టమ్. వాటితో పాటు ఒక పొడవాటి లైను కూడా కెర్నల్ చేతికిస్తుంది. బూట్ ఆప్షన్లన్నీ ఉండేది ఆ లైనులోనే.

ఆ లైనును ఇద్దరు చదువుతారు. మొదట కెర్నల్ చదివి, స్క్రీన్, ప్రాసెసర్, పవర్ లాంటి హార్డ్‌వేర్ విషయాల్లో తనకు సంబంధించినవి తీసుకుంటుంది. తర్వాత ఇనిట్ర్‌డీలో ఉండే లైవ్ స్క్రిప్టులు చదువుతాయి. చాలావాటిలో అసలు సిస్టమ్ అంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కుదించిన ఫైలులో ఉంటుంది. దాన్ని చదవడమే తప్ప అందులో రాయలేం. అందుకని ఆ స్క్రిప్టులు దానిమీద ర్యామ్‌లో ఇంకో పొర పరుస్తాయి. మీరు సేవ్ చేసే ప్రతిదీ ఆ పై పొరలో పడుతుంది. కంప్యూటర్ ఆపగానే ర్యామ్‌తో పాటు అదీ పోతుంది. లైవ్ సిస్టమ్ ప్రతిసారీ కొత్తగా లేచినట్టు ఉండేది ఇందుకే.

హార్డ్‌వేర్ ఆప్షన్లు ఏ లినక్స్‌లోనైనా ఒకటే ఎందుకో, లైవ్ ఆప్షన్లు మాత్రం ఉబుంటులో ఒకలా, డెబియన్‌లో ఒకలా, ఫెడోరాలో ఇంకోలా ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమవుతుంది. మొదటివి కెర్నల్‌వి, రెండోవి ఆయా సంస్థలు రాసుకున్న స్క్రిప్టులవి. ఉబుంటు స్క్రిప్టుల పేరు క్యాస్పర్, డెబియన్‌వి లైవ్-బూట్, ఫెడోరాలో ఆ పని చేసేది డ్రాకట్. ఒకచోట చదివిన లైవ్ ఆప్షన్‌ను ఇంకోచోట టైప్ చేస్తే పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2000లో క్లౌస్ క్నాపర్ తెచ్చిన క్నాపిక్స్ లైవ్ సీడీలో వీటిని ‘చీట్ కోడ్‌లు’ అనేవాళ్లు. వాటి జాబితా ఒక టెక్స్ట్ ఫైలుగా సీడీలోనే ఉండేది. అన్ని డిస్ట్రోలూ (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకాలు) ఇప్పటికీ అలా ఇస్తే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

టైప్ చేసేటప్పుడు

ఇక్కడ ఆప్షన్ల పేర్లు తెలుగులో రాస్తున్నాను. టైప్ చేయాల్సింది మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ ఇక్కడ తేడా ఉంది. రెండు ఆప్షన్ల మధ్య ఒక ఖాళీ ఉండాలి, ఒకే ఆప్షన్ లోపల ఖాళీ ఉండకూడదు. సమానం గుర్తు ఉంటే దానికి అటూ ఇటూ ఖాళీ వదలకండి. బూట్‌లోడర్ దశలో కీబోర్డ్ సాధారణంగా అమెరికన్ లేఅవుట్‌లోనే పనిచేస్తుంది. మీ కీబోర్డ్ వేరే రకమైతే సమానం గుర్తు, స్లాష్ లాంటివి కీ మీద ముద్రించిన చోట కాకుండా వేరే చోట ఉండొచ్చు.

మెనూ దాకా వెళ్లడం

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీని వరసగా తట్టండి. చాలా మెషీన్లలో అది ఎఫ్12, కొన్నింటిలో ఎఫ్9, ఎఫ్11 లేదా ఎస్కేప్. లిస్టులో మీ పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించి, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటే, కొత్త మెషీన్లలో అదే ఎంచుకోవడం మంచిది.

లినక్స్ మెనూ రాగానే కింది బాణం కీ ఒకసారి నొక్కండి. కౌంట్‌డౌన్ ఆగిపోతుంది, తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

లైనును మార్చడం

మీ ముందున్నది గ్రబ్ అనే బూట్‌లోడర్ మెనూ అయితే, కావలసిన ఎంట్రీ మీద ఉండి కీబోర్డ్‌లో ఇ అక్షరం (ఎడిట్ అనే ఇంగ్లిష్ మాటలో మొదటిది) నొక్కండి. నాలుగైదు లైన్లతో ఒక చిన్న ఎడిటర్ తెరుచుకుంటుంది. వాటిలో లినక్స్ అనే మాటతో మొదలయ్యే లైను వెతకండి. కొన్నింటిలో ఆ మాట లినక్స్‌ఈఎఫ్ఐ అని ఉంటుంది. ఇనిట్ర్‌డీతో మొదలయ్యే లైనును ముట్టుకోకండి. లినక్స్ లైను మీదకు వెళ్లి కంట్రోల్, ఇ కలిపి నొక్కితే కర్సర్ లైను చివరకు చేరుతుంది. లైను పొడవుగా ఉంటే అంచున బ్యాక్‌స్లాష్ కనబడి కింది వరసలో కొనసాగుతుంది. అది గ్రబ్ చూపించే గుర్తు, చెరపకండి. మార్పు అయ్యాక ఎఫ్10 గానీ, కంట్రోల్, ఎక్స్ కలిపి గానీ నొక్కండి. అక్కడ నొక్కాల్సింది ఎంటర్ కాదు. ఎంటర్ నొక్కితే లైను రెండుగా విరిగిపోతుంది. మనసు మారితే ఎస్కేప్ నొక్కండి, మార్పులన్నీ రద్దవుతాయి.

పాత బయోస్ పద్ధతిలో బూట్ అయ్యే కొన్ని డిస్కుల్లో గ్రబ్ బదులు ఐసోలినక్స్ అనే ఇంకో బూట్‌లోడర్ వస్తుంది. అక్కడ ఇ పనిచేయదు. ట్యాబ్ కీ నొక్కితే స్క్రీన్ అడుగున ఆ లైను కనబడుతుంది. చివర చేర్చి ఎంటర్ నొక్కడమే.

ఉబుంటు లాంటి వాటిలో ఆ లైనులో వరసగా మూడు చిన్న గీతలు కనిపిస్తాయి. అదొక సరిహద్దు. గీతలకు ముందు రాసింది లైవ్ సెషన్‌కు మాత్రమే. వాటి తర్వాత రాసింది, మీరు ఇన్‌స్టాల్ చేస్తే, కొత్త సిస్టమ్‌కు కూడా వెళ్తుంది. ఊరికే పరీక్షించడానికి అయితే గీతలకు ముందే రాయండి.

చేర్చే ముందు తీసేయండి

ఈ మొత్తం పనిలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. స్క్రీన్ నల్లబడగానే గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎక్కడో చూసిన ఆప్షన్లన్నీ ఒకేసారి చేర్చకండి. అలా చేస్తే బూట్ అయినా ఏది పనిచేసిందో తెలియదు, కాకపోతే ఏది అడ్డుపడిందో తెలియదు. ముందు లైనులో క్వైట్, స్ప్లాష్ అనే రెండు మాటలు వెతికి చెరిపేయండి. మొదటిది కెర్నల్ సందేశాలను దాచిపెడుతుంది, రెండోది వాటి మీద లోగో పరుస్తుంది. రెండూ తీసేసి బూట్ చేస్తే తెల్ల అక్షరాల్లో వరసగా సందేశాలు వస్తాయి. అన్నీ అర్థం కానక్కర్లేదు. ఎక్కడ ఆగిందో, ఆఖరి నాలుగైదు లైన్లలో ఏముందో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. జ్వరం కొలవకుండా మందు వేయకూడదు కదా, ఇదీ అంతే. ఆ తర్వాత ఒక్కో ప్రయత్నానికి ఒక్కో ఆప్షన్ చేర్చండి, ఏది చేర్చారో కాగితం మీద రాసుకోండి.

గుర్తును బట్టి ఆప్షన్

సందేశాలు కాసేపు పరుగెత్తి ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడితే, లేదా రంగుల చారలు వస్తే, అనుమానం గ్రాఫిక్స్ మీదకు పోవాలి. దీనికి ఆప్షన్ నోమోడ్‌సెట్. నో, మోడ్, సెట్ అనే మూడు ఇంగ్లిష్ మాటలు ఖాళీ లేకుండా కలిపి రాయాలి. మామూలుగా కెర్నల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవరే స్క్రీన్ రిజల్యూషన్‌ను నిర్ణయిస్తుంది. ఆ డ్రైవర్‌కు మీ కార్డుతో పొసగకపోతే స్క్రీన్ ఆరిపోతుంది. నోమోడ్‌సెట్ అంటే ‘ఆ పని నువ్వు చేయకు, మెషీన్ ఫర్మ్‌వేర్ పెట్టిన స్క్రీన్‌తోనే నడిపించు’ అని చెప్పడం. నా పాత ల్యాప్‌టాప్‌ను నిలబెట్టింది ఈ మాటే. రిజల్యూషన్ తగ్గొచ్చు, వీడియోలు తడబడొచ్చు, కానీ పని జరుగుతుంది. ఉబుంటు మెనూలో సేఫ్ గ్రాఫిక్స్ అని, మింట్‌లో కంపాటిబిలిటీ మోడ్ అని, ఫెడోరాలో బేసిక్ గ్రాఫిక్స్ అని కనబడే ఎంట్రీల వెనక ఉన్నదీ ఇదే. ఆ ఎంట్రీ ఉంటే టైప్ చేసే పని కూడా లేదు.

ఎన్విడియా కార్డు ఉన్న మెషీన్ అయితే, అన్ని డ్రైవర్లనూ ఆపే బదులు ఆ ఒక్కదాన్నే ఆపొచ్చు: నూవో డాట్ మోడ్‌సెట్ సమానం సున్నా. నూవో స్పెల్లింగ్ ఎన్, ఓ, యు, వి, ఇ, ఎ, యు. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో ఇది నోమోడ్‌సెట్ కంటే మేలు, ఎందుకంటే ఇంటెల్ చిప్ తన పూర్తి సామర్థ్యంతో నడుస్తుంది.

పీసీఐఈ, ఏఈఆర్ అనే మాటలతో ఒకే రకం ఎర్రర్ వందలసార్లు స్క్రీన్‌ను ముంచెత్తుతుంటే పీసీఐ సమానం నోఏఈఆర్ అని చేర్చండి. హార్డ్‌వేర్ తనంతట తాను సరిదిద్దుకున్న చిన్న పొరపాట్లను కూడా కెర్నల్ రిపోర్ట్ చేయడం వల్ల వచ్చే వరద అది. ఈ ఆప్షన్ రిపోర్టింగ్‌ను ఆపుతుందే గానీ కారణాన్ని సరిచేయదు. మామూలుగా పని చేసుకోవడానికి మాత్రం అడ్డు తొలగుతుంది.

మొదట్లోనే, ఏసీపీఐ లేదా ఏపీఐసీ అనే మాటల దగ్గర ఆగిపోతే నోఏపీఐసీ చేర్చి చూడండి. ఏసీపీఐ సమానం ఆఫ్ అనే ఆప్షన్‌ను చాలామంది మొదటి మందుగా చెబుతారు. నా మాట వినండి, అది ఆఖరి మందు. బ్యాటరీ, ఫ్యాన్, పవర్ ఆఫ్, ప్రాసెసర్ కోర్ల వివరాలు ఇవన్నీ కెర్నల్‌కు తెలిసేది ఏసీపీఐ ద్వారానే. దాన్ని ఆపేస్తే బ్యాటరీ శాతం కనబడదు, షట్‌డౌన్ చేసినా మెషీన్ ఆరకపోవచ్చు, కొత్త మెషీన్లు అసలు లేవకపోవచ్చు కూడా. పాత మెషీన్ నుంచి ఫైళ్లు బయటికి తీసుకోవడం లాంటి ఒక్కసారి పనికి వాడుకోండి, అలవాటుగా వద్దు.

అన్నీ బాగానే నడిచి, డెస్క్‌టాప్ మాత్రమే రాకపోతే లైను చివర 3 అనే అంకె ఒక్కటి చేర్చండి. సిస్టమ్‌డీ (మిగతా సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రామ్) వాడే డిస్ట్రోల్లో దీంతో గ్రాఫిక్స్ లేకుండా టెక్స్ట్ లాగిన్ వస్తుంది. యూజర్ పేరు అడిగితే, ఉబుంటు లైవ్‌లో పేరు ఉబుంటు, పాస్‌వర్డ్ ఖాళీ. డెబియన్ లైవ్‌లో పేరు యూజర్, పాస్‌వర్డ్ లైవ్.

ఒక సందేశం మాత్రం ఆప్షన్లతో పోదు. లైవ్ ఫైల్ సిస్టమ్ ఉన్న మీడియం దొరకలేదు అనే అర్థంతో ఇంగ్లిష్‌లో ఒక లైను వచ్చి, కింద ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే ప్రాంప్ట్ నిలబడుతుంది. అంటే కెర్నల్ లేచింది గానీ స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఫైలు కనబడలేదు. పెన్‌డ్రైవ్‌ను ఇంకో యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి. అప్పటికీ కాకపోతే డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైలు (లినక్స్ డిస్క్ మొత్తం ఉన్న ఫైలు) చెడిపోలేదని తేల్చే ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ సరిచూసి, మళ్లీ మొదటి నుంచి పెన్‌డ్రైవ్‌లోకి రాయండి.

పనిచేసిందో లేదో చూడటం

డెస్క్‌టాప్ వచ్చాక టెర్మినల్ తెరిచి, క్యాట్ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ ప్రాక్ స్లాష్ సీఎండీలైన్ అని కొట్టండి. ప్రాక్ అంటే పి, ఆర్, ఓ, సి. సీఎండీలైన్‌లో మొదటి మూడక్షరాలు సి, ఎమ్, డి. కెర్నల్‌కు నిజంగా అందిన లైను అక్షరం పొల్లుపోకుండా కనబడుతుంది. మీరు రాసింది అందులో లేకపోతే వేరే ఎంట్రీని మార్చారన్నమాట. ఉన్నా ఫలితం లేకపోతే స్పెల్లింగ్ చూసుకోండి. తప్పు స్పెల్లింగ్‌కు కెర్నల్ ఆగిపోయి అభ్యంతరం చెప్పదు, తనది కాదనుకుని ముందుకు పోతుంది. కొత్త కెర్నళ్లలో డీమెసేజ్ కమాండ్ (డి, ఎమ్, ఇ, ఎస్, జి) చూపించే కెర్నల్ లాగ్‌లో తెలియని ఆప్షన్లు ఇవీ అని ఒక లైను ఉంటుంది. అందులో లైవ్ స్క్రిప్టుల ఆప్షన్లు కూడా కనబడతాయి, అవి తప్పులు కావు, కెర్నల్‌వి కావంతే.

మొత్తం ర్యామ్‌లోకి తెచ్చుకోవడం

ఉబుంటు, డెబియన్ రెండింటిలోనూ దీనికి ఆప్షన్ టూర్యామ్: టి, ఓ, ఆర్, ఎ, ఎమ్. ఆర్చ్‌లో కాపీటూర్యామ్, ఫెడోరాలో ఆర్‌డీ డాట్ లైవ్ డాట్ ర్యామ్ సమానం 1. సిస్టమ్ అంతా ముందే ర్యామ్‌లోకి కాపీ అవుతుంది కాబట్టి బూట్‌కు ఎక్కువసేపు పడుతుంది, ఆ తర్వాత ప్రతి ప్రోగ్రామూ చిటికెలో తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ తీసేసి ఇంకో మెషీన్‌కు వాడుకోవచ్చు కూడా. ఐఎస్ఓ సైజు కంటే ర్యామ్ కనీసం రెండు మూడు జీబీలు ఎక్కువ ఉంటేనే ఇది పెట్టండి.

చేసిన పని పోకుండా నిలుపుకోవడం

ఒకసారి మూడు గంటలు కూర్చుని రాసుకున్న నోట్స్ మర్నాడు కనబడలేదు. పెన్‌డ్రైవ్‌లో సేవ్ అవుతుందనే నమ్మకంతో ఉన్నాను. తర్వాత చూస్తే ఆప్షన్ పేరులో చివరి రెండు అక్షరాలు తప్పు. డెబియన్‌లో ఆ మాట పర్సిస్టెన్స్, చివర సి, ఇ. ఉబుంటులో పర్సిస్టెంట్, చివర టి. నేను ఒకదాని మాట ఇంకోదానిలో రాశాను. సిస్టమ్ మామూలుగానే లేచింది, ఏ హెచ్చరికా రాలేదు. అందుకే ఈ ఆప్షన్ పెట్టినప్పుడు ముందు ఒక ఖాళీ ఫైలు సేవ్ చేసి, రీస్టార్ట్ చేసి, అది ఉందో లేదో చూసుకున్నాకే అసలు పని మొదలుపెట్టండి.

ఆప్షన్ ఒక్కటే చాలదు, రాయడానికి చోటు కూడా ఉండాలి. డెబియన్ అయితే పెన్‌డ్రైవ్‌లో మిగిలిన ఖాళీలో ఇంకో పార్టిషన్ చేసి, ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసి, దానికి పర్సిస్టెన్స్ అనే లేబుల్ పెట్టండి. ఆ పార్టిషన్‌ను మౌంట్ చేసి, అందులో పర్సిస్టెన్స్ డాట్ కాన్ఫ్ అనే టెక్స్ట్ ఫైలు సృష్టించండి. ఫైలులో ఉండాల్సింది ఒకే లైను: ముందు స్లాష్, ఒక ఖాళీ, తర్వాత యూనియన్. ఈ ఫైలు మరిచిపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా ఏదీ నిలవదు. ఉబుంటు 20.04 నుంచి లేబుల్ రైటబుల్, అంతకుముందు వాటిలో క్యాస్పర్-ఆర్‌డబ్ల్యు. ఉబుంటుకు ఆ కాన్ఫ్ ఫైలు అక్కర్లేదు.

ఫార్మాట్ చేసే ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో డిస్కుల జాబితా, సైజులు రెండుసార్లు చూడండి. మెనూలో తప్పు చేస్తే రీస్టార్ట్‌తో పోతుందని చెప్పాను, ఇక్కడ అలా కాదు. తప్పు డిస్కును ఫార్మాట్ చేస్తే అందులోని డేటా పోయినట్టే. ఇక పర్సిస్టెన్స్‌తో నడుస్తున్నప్పుడు షట్‌డౌన్ పూర్తి కాకుండా పెన్‌డ్రైవ్ లాగకండి.

ప్రతిసారీ టైప్ చేయకుండా

ఐఎస్ఓను డీడీ కమాండ్‌తో ఉన్నదున్నట్టు రాసి ఉంటే, పెన్‌డ్రైవ్‌లోని ఆ భాగం సీడీ తరహా ఫైల్ సిస్టమ్, దాంట్లో మార్పులు చేయలేం. రూఫస్ లాంటి టూల్‌తో ఐఎస్ఓ మోడ్‌లో రాసినా, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లు కాపీ చేసినా, మార్చొచ్చు. బూట్ ఫోల్డర్‌లో గ్రబ్ ఫోల్డర్, అందులో గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ ఫైలు ఉంటుంది. ముందు దానికి ఒక కాపీ తీసి పెట్టుకోండి. పాత ఎంట్రీని మార్చకుండా, మెనూఎంట్రీ అనే మాట నుంచి చివరి మీసాల బ్రాకెట్ దాకా మొత్తం కాపీ చేసి కింద అతికించండి. కొత్తదానికి వేరే పేరు పెట్టి, దాని లినక్స్ లైనులో మాత్రమే మీ ఆప్షన్ చేర్చండి. అప్పుడు మీది పనిచేయకపోయినా అసలు ఎంట్రీ చేతిలో ఉంటుంది. మెనూ మరీ త్వరగా దాటిపోతుంటే, పైన సెట్ టైమౌట్ అనే లైనులో సెకన్ల అంకె పెంచుకోండి.

లైవ్‌లో పనిచేసిన ఆప్షన్‌తో చివరకు ఇన్‌స్టాల్ కూడా చేస్తే, మొదటి రీస్టార్ట్‌లో మళ్లీ నల్ల స్క్రీన్ రావచ్చు. మూడు గీతల తర్వాత రాయకపోతే ఆ ఆప్షన్ కొత్త సిస్టమ్‌కు చేరి ఉండదు. అక్కడా గ్రబ్ మెనూలో ఇ నొక్కి అదే మాట చేర్చి లోపలికి వెళ్లండి. మెనూ కనబడకపోతే ఆన్ చేయగానే ఎస్కేప్ తట్టండి. లోపలికి వెళ్లాక, ఇబ్బంది గ్రాఫిక్స్‌ది అయితే ముందు సరైన డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి, ఆప్షన్ లేకుండా ఒకసారి బూట్ చేసి చూడండి. అప్పటికీ అవసరమే అనిపిస్తే ఈటీసీ ఫోల్డర్‌లోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైలును సూడోతో, అంటే అడ్మిన్ అధికారంతో తెరవండి. సీఎండీలైన్ లినక్స్ డిఫాల్ట్ అని ఉన్న లైనులో కొటేషన్ గుర్తుల మధ్య ఆ మాట చేర్చి సేవ్ చేయండి. ఉబుంటు, డెబియన్, మింట్‌లలో అప్‌డేట్-గ్రబ్ కమాండ్‌ను సూడోతో నడిపాకే ఆ మార్పు అమల్లోకి వస్తుంది.